దొరబాబుని దువ్విన చెయ్యి

నా ఉద్యోగం దాదాపంతా గేదెల వెనక నిలబడి గడిచింది. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు. గేదె చూడి కట్టిందో లేదో తెలియాలంటే భుజం దాకా తొడుగు వేసుకుని దాని వెనకే నిలబడాలి, వేరే దారి లేదు. కొన్నేళ్లు పెదవేగి వైపు పామాయిల్ తోటల మధ్య, మిగతా కాలమంతా పెదపాడు, కొల్లేరు చెరువుల వైపు పశువుల డాక్టరుగా తిరిగాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ" అని అడుగుతుంటారు. గేదె కడుపులోంచి తీసిన ఇనప ముక్కల గురించో, వరదలో పడవెక్కి వెళ్లి వేసిన టీకాల గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను పిల్లి గురించి చెబుతాను. వాళ్లు కాస్త నిరాశపడతారు. మీరూ పడితే పడండి.

మా రోజుల్లో పిల్లులు ఆసుపత్రికి వచ్చేవి కావు. జబ్బు చేస్తే ఏ అటక మీదో పడుకునేవి, బాగైతే దిగేవి. అందుకని ఉద్యోగం చివరి సంవత్సరాల్లో పర్షియన్ పిల్లుల్ని బుట్టల్లో పెట్టుకుని జనం రావడం మొదలయ్యేసరికి నాకు కొంచెం నవ్వు, కొంచెం బెదురు. చదువుకున్నప్పుడు పుస్తకంలో పిల్లుల గురించి ఉన్నవి నాలుగే పేజీలు, పరీక్షలో రావని నేను వదిలేసినవీ అవే. మళ్లీ తీసి చదువుకున్నాను.

ఆ జాతి గురించి మీకు కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు జరిగిందంతా దాని లక్షణాల మీదే నడిచింది. పర్షియన్ పిల్లికి ముఖం చదునుగా ఉంటుంది. ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉండటం వల్ల కంటినీరు వెళ్లే దారి సరిగ్గా ఉండదు, కళ్లు ఎప్పుడూ చెమ్మగిల్లి బుగ్గల మీదికి కారుతుంటాయి. బొచ్చు బూరుగు దూదిలా మెత్తగా, బెత్తెడు పొడవున పెరుగుతుంది. రోజూ దువ్వాలి. నాలుగు రోజులు వదిలేస్తే మొదట చెవుల వెనక, తర్వాత మెడ కింద, చంకల్లో చిక్కులు పడతాయి. నెల వదిలేస్తే అది బొచ్చు కాదు, గొంగళి. కత్తిరించి పారెయ్యడం తప్ప ఏమీ చెయ్యలేం. కాళ్లు పొట్టి. గోడలెక్కదు, వేటాడదు, ఇల్లు దాటి వెళ్లదు. ఒక చోట పెడితే దిండులా అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నోరు లేనిది. మన వీధి పిల్లి తోక తొక్కితే ఊరంతా లేస్తుంది. ఇది ప్రాణం మీదికి వచ్చినా మర్యాద తప్పదు.

కొల్లేటికోట దారిలో ఒక ఊళ్లో, చేపల చెరువులున్న ఇంటికి అలాంటి పిల్లి ఒకటి కోడలితో పాటు వచ్చింది. ఆ అమ్మాయిది తాడేపల్లిగూడెం. పెళ్లికి ముందునుంచీ పెంచుకున్న పిల్లిని వదలనని చెప్పి మరీ వచ్చింది. లేత గోధుమరంగు మగపిల్లి, పేరు టాఫీ. ఆ ఇంటి అత్తగారు నాకు చాలాకాలంగా తెలుసు. వాళ్ల గేదెలకి నేనే డాక్టర్ని. భర్త పోయాక కొడుకుతో కలిసి చెరువులు తనే చూసుకున్న మనిషి. గట్టు మీద నిలబడి ఐసు లారీవాళ్లతో మాట్లాడితే అవతలి గట్టుకి వినిపిస్తుంది. ఆదివారం చర్చిలో పాట పాడినా అంతే.

పిల్లి వచ్చిన కొత్తలో ఒకసారి వాళ్ల గేదెని చూడ్డానికి వెళ్లాను. నేను పనిలో ఉండగానే ఆవిడ మొదలుపెట్టింది.

"చూశారాండీ డాక్టరమ్మగారూ మా ఇంట్లో వైభోగం. చేపల ఊరికి చేప తినని పిల్లిని తెచ్చుకుంది మా కోడలు. దానికి సంచీలో గింజలంటండి. కప్పుతో కొలిచి పెట్టాలంట."

"మంచిదేనండి, ఆ గింజల్లో అన్నీ ఉంటాయి" అన్నాను.

"ఉంటే ఉండనీండి. నా తల దువ్వుకోడానికి నాకు తీరిక లేదు, పిల్లికి పొద్దున్నే తల దువ్వుతారంటండీ. దూదితో కళ్లు తుడుస్తారంట. మొన్నెవరో దాన్ని చూసి మా ఇంటికి చంటిపిల్లాడొచ్చాడనుకున్నారు."

వసారాలో కోడలు నిజంగానే పిల్లిని ఒళ్లో పెట్టుకుని స్టీలు దువ్వెనతో దువ్వుతోంది. అన్నీ వింటోంది. అత్తగారి గొంతు వినకపోవడం ఆ ఊళ్లో ఎవరికీ సాధ్యం కాదు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు గాని, దువ్వెన మాత్రం కాస్త గట్టిగా కదిలింది. పాపం అనిపించింది. అత్తగారు చెడ్డది కాదని నాకు తెలుసు, ఆ అమ్మాయికి తెలిసే అవకాశం ఇంకా రాలేదు.

ఆ వేసవిలో కోడలి తల్లికి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి అమ్మాయి తాడేపల్లిగూడెం వెళ్లాల్సి వచ్చింది. కుట్లు మానే దాకా ఇంట్లో బొచ్చుజంతువు వద్దని అక్కడి డాక్టర్లు అన్నారట. పిల్లిని అత్తగారికి అప్పగించి, గింజల సంచీ చూపించి, కప్పు చేతికిచ్చి వెళ్లింది. నెల పైనే ఉండిపోయింది.

ఇక అసలు రోజు. పొద్దున్నే ఒక ఊళ్లో దూడ అడ్డం తిరిగిందంటే వెళ్లాను. తీసి, తల్లీబిడ్డా క్షేమమని చూసుకుని, రబ్బరు బూట్లతో, ఒంటినిండా ఆ పని తాలూకు వాసనతో ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆవరణలో కోడలు ఏడుస్తోంది. ఆమె భర్త మోటారుసైకిలు పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు. అత్తగారు గేదెల్ని నిలబెట్టే ఇనప చట్రం పట్టుకుని, నోరు మెదపకుండా ఉంది. ఆవిణ్ణి అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు నా దగ్గర కొత్తగా చేరిన ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. మంచి బుర్ర. పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివిన రకం. నేను లేని సమయంలో వాళ్లు వస్తే కేసు అతనే చూశాడు. లోపలికి తీసుకెళ్లి నాకు చెప్పాడు.

"పర్షియన్ క్యాట్ మేడమ్. మెడ నిలబడట్లేదు, గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. నడిస్తే తూలుతోంది. దారిలో ఒకసారి ఫిట్సు కూడా వచ్చాయంట. ఈ బ్రీడుకి కిడ్నీల జబ్బు వస్తుంది కదా, ముందు అదే అనుకున్నాను. కానీ నిన్నమొన్నటి దాకా బాగానే ఉందంటున్నారు. తిండి చూస్తే కంపెనీ ఫుడ్డు, సంచీ మొత్తం అయిపోయింది, అంటే బాగా తిన్నట్టే. మరి ఇంకేముంటుంది? ఇంట్లో చెరువు మందులు ఉంటాయా అని అడిగాను."

"ఉంటాయన్నారా?"

"చేప పేనుకి కొట్టే మందు ఉందన్నారు."

"నువ్వేమన్నావు?"

"విషం అయ్యుండొచ్చని అన్నాను మేడమ్. అనుమానమే అన్నాను."

అనుమానమే అన్నాడు, నిజమే. కానీ ఆ మాటలో ఎదుటివాళ్లకి వినపడేది ఒక్క ముక్కే. వయసులో చిన్నవాళ్లు మీరు ఇది గుర్తుపెట్టుకోండి. విషం అనే మాట మన నోట్లోంచి బయటికి వచ్చాక అది మన మాట కాదు, ఇంట్లోవాళ్ల మాట అయిపోతుంది. దానికి అప్పటికప్పుడు ఒక చెయ్యి, ఒక ముఖం వచ్చేస్తాయి. ఆ ఇంట్లో ముఖం సిద్ధంగానే ఉంది. మొదటినుంచీ పిల్లిని ఆడిపోసుకుంది ఎవరో ఊరందరికీ తెలుసు.

కోడలు నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది. నా చేతులు ఎలా ఉన్నాయో కూడా చూసుకోలేదు.

"మొదట్నుంచీ వాడంటే అత్తయ్యకి గిట్టదు మేడమ్. రోజూ ఫోను చేసి అడిగేదాన్ని, వాడు గింజలు తిన్నాడా అత్తయ్యా అని. తిన్నాడమ్మా, తిన్నాడమ్మా అనేవారు. నిన్న సాయంత్రం వచ్చి చూద్దును కదా, తల ఎత్తలేకపోతున్నాడు. వాడేం చేశాడండీ ఆవిణ్ణి? ఎవరినీ కరవడు, అరవను కూడా అరవడు. మా అన్నయ్యకి ఫోను చేశాను. కారు తీసుకుని వస్తున్నాడు. నేను వెళ్లిపోతాను మేడమ్. వాణ్ణి చంపిన ఇంట్లో నేను అన్నం తినలేను."

ఊరికే బెదిరింపుకి అంటున్నది కాదు. బ్యాగు సర్దుకుని ఆసుపత్రికే తెచ్చుకుంది, బండికి తగిలించి ఉంది. భర్త దానివైపు చూడలేక అటు తిరిగాడు. ఒక్కమాటన్నా తల్లివైపో, భార్యవైపో అవుతుందని భయపడుతున్నాడు.

నేను చేతులు కడుక్కోవడానికి కూడా ఆగకుండా పిల్లి ముందు కూర్చున్నాను. బుట్టలో ముడుచుకుని ఉంది. తల కిందికి వాలిపోయి, ఛాతీ మీది జూలులో ముక్కు దూర్చుకుని, తప్పు చేసి నిలబడ్డ చిన్నపిల్లాడిలా ఉంది. గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా ఎత్తాను. కళ్లు చూశాను. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. మామూలుగా అయితే పిల్లి కంటిపాప ఆ వెలుగులో సన్నటి గీతైపోవాలి. దీనికి మాత్రం పూర్తిగా విచ్చుకుని నల్లగా ఉన్నాయి. ఆ చెరువు మందు లోపలికి పోతే కంటిపాప చుక్కలా కుంచించుకుపోతుంది, నోట్లోంచి నురగ కారుతుంది. ఇక్కడ నోరు ఎండి ఉంది. ఆ మందు కాదని నాకు అప్పుడే తెలిసింది. ఏది అవునో ఇంకా తెలియలేదు.

అంతలో పిల్లికి మళ్లీ ఫిట్సు వచ్చాయి. ఒళ్లంతా బిగుసుకుపోయి కాళ్లు కొట్టుకుంటోంది. కోడలు కెవ్వుమని ముఖం కప్పుకుంది. చట్రం దగ్గర నిలబడ్డ అత్తగారు మాత్రం ఒక్క అంగలో వచ్చి, బుట్ట పక్కన కూలబడి, "దొరబాబూ, ఒరే దొరబాబూ, ఇదిగోరా నేనిక్కడే ఉన్నాను" అంది.

ఫిట్సు ఆగాక పిల్లి తల ఎత్తలేకపోయింది. కానీ దాని చెవులు రెండూ ఆవిడ గొంతువైపు తిరిగాయి.

ఆ పేరు అక్కడున్న ఎవరికీ తెలియదు. కోడలు ఏడుపు ఆపి అత్తగారివైపు చూసింది. ఆవిడ గబుక్కున లేచి, ఏమీ అననట్టు మళ్లీ వెళ్లి చట్రం పట్టుకుంది.

నేను పిల్లి ఒంట్లోకి వేళ్లు పోనిచ్చాను. మొదట చెవుల వెనక. తర్వాత మెడ కింద, చంకల్లో. ఎక్కడా వేలు ఆగలేదు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను. దూడ వాసనలో మునిగి ఉన్న నాకే తెలిసిందంటే అది ఎంతగా ఉందో చూడండి. కొబ్బరినూనె.

"ఇంటికొచ్చాక వీణ్ణి దువ్వావా అమ్మా?" అని కోడల్ని అడిగాను.

"వాడి అవతారం చూశాక దువ్వడం ఎక్కడ మేడమ్."

"ఎప్పుడైనా నూనె రాస్తావా?"

"అయ్యో, పిల్లికి నూనె ఎవరు రాస్తారండి?"

నేను లేచాను. "పెద్దమ్మగారూ, నాకు కాస్త చేతుల మీద నీళ్లు పొయ్యండి" అని అత్తగారిని వెనకాల కుళాయి దగ్గరికి పిలుచుకెళ్లాను. కుళాయికి తిప్పితే నీళ్లు వస్తాయి, పోసే మనిషి అక్కర్లేదు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. అయినా చెంబు పట్టుకుని వచ్చింది.

"మీ దువ్వెనతోనే దువ్వేరా?" అన్నాను.

చెంబులో నీళ్లు కాస్త ఒలికాయి.

"చెప్పండి. నేను పోలీసుని కాదు. ఏం తిన్నాడో తెలిస్తే మందు వెయ్యొచ్చు."

అప్పుడు చెప్పింది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలియదు.

"అమ్మాయి వెళ్లిన రోజు గుమ్మంలో కూర్చున్నాడండి, దారికేసి చూస్తా. గింజలు పెడితే మూతి తిప్పేసుకున్నాడు. మర్నాడూ అంతే. ఎత్తుకుని చూస్తే కళ్లెమ్మట నీళ్లండి డాక్టరమ్మగారూ. ధారగా కారతన్నాయి. మనిషి కోసం అంతలా ఏడుస్తాడని నేననుకోలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. చెరువులోంచి అప్పుడే తీసిన పరిగె చేపలుంటే, పొలుసు తీసి, ముల్లు ఏరి పెట్టేనండి. ఎంత ఇష్టంగా తిన్నాడో. ఇంక రోజూ అదే. గింజలు ముట్టలేదు."

"మరి సంచీ ఖాళీ అయిందంటున్నారు?"

"అమ్మాయి వచ్చి చూసుకుంటుంది కదండి. రోజూ కప్పుతో కొలిచి చెరువులో పోశాను. చేపలు బాగానే తిన్నాయి."

నవ్వకూడని సమయంలో నవ్వు వస్తే ఎంత కష్టమో చెప్పలేను. చేపలు పిల్లికి, పిల్లి తిండి చేపలకి. కొల్లేట్లో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు.

"పచ్చివే పెట్టారా? ఉడకబెట్టలేదా?"

"పిల్లికి ఎవరుడకబెడతారండి? ఊళ్లో పిల్లులన్నీ పచ్చివే తింటన్నాయి కదా." అంటూనే నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏం? దానివల్లేనా? నేనే చంపుకున్నానా అండీ వాణ్ణి?"

దానివల్లే. పచ్చి చేపల్లో, ముఖ్యంగా పరిగెల్లాంటి మన మంచినీటి చేపల్లో, బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఒకటి ఉంటుంది. ఉడికిస్తే పోతుంది. ఊళ్లో పిల్లులు చేపతోపాటు ఎలకని పడతాయి, నాలుగిళ్లలో అన్నం మెతుకులు తింటాయి, కాబట్టి వాటికి ఏమీ కాదు. దొరబాబు ఇల్లు కదలడు, వేటాడడు. ఆవిడ చేతిలోది తప్ప ఇంకేమీ తినడు. రోజూ పచ్చి చేపే తింటే కొన్ని వారాలకి నరాలు పట్టుతప్పి మెడ వాలిపోతుంది. మేకల్లో ఇదే లోపం వస్తే తల వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తాయి. ఆ మేకల్ని నేను చాలా చూశాను. పిల్లి నేలకేసి చూస్తుందని మాత్రం ఆ నాలుగు పేజీల్లోనే చదివాను.

కుర్ర డాక్టరుని పిలిచి ఒక్కముక్కలో చెప్పాను. "పచ్చి చేపలు. బి1." అతని ముఖం తెల్లబోయింది. రెండో మాట అడక్కుండా బండి తీసి, ఏలూరులో మందుల షాపుకి వెళ్లాడు. మా దగ్గర గేదెలకి వాడే, బి విటమిన్లన్నీ కలిపిన సీసాలున్నాయి గాని, పిల్లికి కావాల్సింది విడిగా ఆ ఒక్క మందు.

అత్తగారు కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది.

"మందు వేస్తే బతుకుతాడు, చాలామటుకు బతుకుతాడు" అన్నాను. "కానీ సంగతి మీ కోడలికి మీరే చెప్పాలి."

"ఇప్పుడు చెబితే నమ్ముతుందాండీ? రోజూ ఫోన్లో అబద్ధమాడేను. విషం పెట్టి ఇప్పుడు చేపంటోందనుకుంటుంది. బైబిలు మీద చెయ్యేసి చెప్పినా నమ్మదు. నేనైనా నమ్మను. ఆ పిల్లని మొదట్నుంచీ ఏదో ఒకటంటానే ఉన్నాను కదండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "వెళ్లిపోతుందండి. నా కొడుకు సంసారం పోతుంది. పిల్లి దగ్గర."

"మీరు చెప్పండి. నమ్మించే పని నాది" అన్నాను.

అంత ధీమాగా అన్నాను గాని, నా దగ్గర ఉన్నదల్లా చిక్కులు లేని బొచ్చు.

ఆవిడ వచ్చి కోడలి ముందు నిలబడి చెప్పింది. ఏమీ దాచలేదు. పరిగెల సంగతి, చెరువులో పోసిన గింజల సంగతి, ఫోన్లో ఆడిన అబద్ధం, అన్నీ. కొడుకు నోరు తెరుచుకుని వింటున్నాడు. కోడలి ముఖం మాత్రం మెత్తబడలేదు.

"చేపలు తింటే పిల్లులు చచ్చిపోతాయా మేడమ్? ఎవరైనా నమ్ముతారా ఇది?" అని నన్ను అడిగింది.

బి1 గురించి మీకు చెప్పినట్టే చెప్పాను. తలూపింది గాని, అది నమ్మిన తలూపు కాదు. డాక్టరు కూడా పెద్దావిడ పక్షాన చేరిందనుకుంది. నా మీద నాకే విసుగొచ్చింది. సైన్సు చెబితే మనసు మారుతుందని అంత సర్వీసు తర్వాత కూడా అనుకున్నాను చూడండి.

"ఇటురా అమ్మా, కూర్చో" అన్నాను. "ఈ బొచ్చు సంగతి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. నెలపాటు ఎవరూ దువ్వకపోతే ఏమవుతుంది?"

"గడ్డకట్టేస్తుంది మేడమ్. కత్తిరించెయ్యాలి."

"చెవుల వెనక చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. వేళ్లు ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు వచ్చాయి. అర్థం కానట్టు మెడ కింద చూసింది. చంకల్లో చూసింది. పొట్ట కింద, తోక మొదట్లో చూసింది. ఆ అమ్మాయి వేళ్లకి ఆ పని అలవాటు, ఎక్కడెక్కడ చిక్కు పడుతుందో అన్ని చోట్లా వెతికింది. చివరికి వంగి ముఖం ఆ బొచ్చులో పెట్టింది. అలాగే ఉండిపోయింది. అత్తగారి జడ వాసన ఆ ఇంట్లో ఉండే మనిషికి నేను చెప్పాలా?

విషం పెట్టాలనుకున్న మనిషి రోజూ ఇంత సేపు కూర్చుని దువ్వుతుందా అని నేనేదో చెప్పబోయాను. అదృష్టం కొద్దీ నోరు మూసుకున్నాను.

చాలాసేపటికి ఆ అమ్మాయి తలెత్తింది. అత్తగారివైపు చూసి, "చెవుల వెనక నన్ను ముట్టుకోనివ్వడు అత్తయ్యా. పంజాతో కొడతాడు. మీరెలా దువ్వేవారు?" అంది.

ఆవిడ వచ్చి బుట్ట పక్కన కూర్చుంది. "మెడ కింద గోకుతా ఉంటే కళ్లు మూసుకుంటాడమ్మా" అంది. "అప్పుడు మెల్లిగా చెవుల వెనక్కి పోనివ్వాలి."

నాకు కళ్లు చెమర్చాయి. చదును ముఖం వల్ల కాదు.

కుర్ర డాక్టరు చెమటలు కక్కుతూ మందు తెచ్చాడు. ఇంజెక్షన్ నేనే వేశాను. ఇక ఎదురుచూడటం తప్ప పని లేదు. ఆ ఉక్కకి పర్షియన్ పిల్లి ఇంకా తొందరగా డీలాపడుతుందని లోపల మా గదిలో ఫ్యాను కింద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టాం. కాసేపటికి కళ్లు మూసుకుని మగతలోకి జారుకుంది. ఈలోపు తాడేపల్లిగూడెం నుంచి అన్నగారు కారేసుకుని దిగాడు. కోపంగా తలుపు వేసి, "ఏదీ బ్యాగు" అన్నాడు. కోడలు కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "ఉండన్నయ్యా, వీడికి ఇంకా మెలకువ రాలేదు" అంది. అత్తగారు కొడుకుని పంపి ఆయనకి నిమ్మసోడా తెప్పించింది. ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. సోడా తాగి కారులోనే కునుకు తీశాడు.

ఆ మధ్యాహ్నం కుర్ర డాక్టరు నా పక్కన నిలబడి, "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది మేడమ్" అన్నాడు. "అనుకోవడం తప్పు కాదు, పైకి అనేముందు ఒకసారి పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఉంటే బాగుండేది" అన్నాను. ఇప్పుడు అతను పెద్ద డాక్టరు. నేను చూసిన మంచి డాక్టర్లలో ఒకడు. ఏ జంతువు వచ్చినా ముందు దాని ఒంటి మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకుంటాడని విన్నాను.

పొద్దు వాలుతున్నప్పుడు పిల్లి కళ్లు తెరిచింది. కంటిపాపలు కొంచెం సన్నబడ్డాయి. కోడలు చాప మీద బోర్లా పడుకుని, దాని ముఖం దగ్గర ముఖం పెట్టి "టాఫీ, టాఫీ" అని పిలిచింది. తోక చివర కదిలింది, అంతే. మళ్లీ పిలిచింది. తల గుడ్డ మీదే ఉంది.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "మీరు పిలవండి అత్తయ్యా" అంది.

గదిలో నేను, కుర్ర డాక్టరు, కొడుకు, నిద్ర లేచి గుమ్మంలోకి వచ్చిన అన్నగారు, ఇంతమందిమి ఉన్నాం. ఆవిడ సిగ్గుపడింది. గట్టు మీద నిలబడి లారీవాళ్ల మీద కేకలేసే మనిషి గొంతు సవరించుకుని, మాకు వినపడీ వినపడనట్టు, "దొరబాబూ" అంది.

పిల్లి తల ఎత్తింది. వణుకుతూ ఎత్తింది, ఒకవైపుకి ఒరిగింది, మళ్లీ నిలబెట్టుకుంది. ఆ చదును ముఖం ఆవిడవైపు తిరిగింది. రెండు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"చూశారాండీ" అంది ఆవిడ నాతో, "మళ్లీ ఏడుస్తున్నాడు."

ఆ కన్నీళ్లు ఆ జాతి ముక్కు వల్ల వచ్చేవని నేను ఆవిడకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఉద్యోగంలో తెలిసినవన్నీ చెప్పెయ్యనక్కర్లేదు.

కారు ఖాళీగానే తాడేపల్లిగూడెం వెళ్లింది. బ్యాగు, బుట్ట, అత్తాకోడళ్లు ఆటోలో ఊరెళ్లారు. కొడుకు వెనకాల బండి మీద వెళ్లాడు. కొన్ని రోజులపాటు ఇంజెక్షన్లకి రోజూ తెచ్చారు. తిండి సంగతి వాళ్లే తేల్చుకున్నారు. పగలు గింజలు, సాయంత్రం ముల్లు తీసి బాగా ఉడకబెట్టిన చేప ఒక చిన్న ముక్క. దానికి విడిగా ఒక గిన్నె పెట్టారట. అత్తగారి నోరు ఏమీ తగ్గలేదు. కోడలు మాత్రం తిరిగి మాట్లాడటం నేర్చుకుంది. వాళ్ల గేదెని చూడ్డానికి వెళ్లినప్పుడు ఇద్దరి గొంతులూ దారి మలుపు దాకా వినిపించేవి.

ఆ తర్వాత నా రిటైర్మెంటుకి కొద్దిరోజుల ముందు టీకా కోసం పిల్లిని తీసుకొచ్చారు. నిగనిగలాడుతోంది, బరువు పెరిగింది, నన్ను చూసి పట్టించుకోలేదు. కార్డు రాయడానికి కూర్చుని, నాకు పేరు తెలుసు కదా అని టాఫీ అని రాయబోతున్నాను.

"దొరబాబు అని రాయండి మేడమ్" అంది కోడలు.

"అయ్యబాబోయ్, వద్దండి" అంది అత్తగారు. "ఆసుపత్రి కాగితం మీద దొరబాబేంటమ్మా, నవ్వుతారు. నువ్వు పెట్టుకున్న పేరే రాయించు."

"ఆ పేరుకే కదా అత్తయ్యా తలెత్తాడు" అంది ఆ అమ్మాయి.

ఆవిడ పిల్లి మెడ కింద గోకుతూ కూర్చుంది. నేను దొరబాబు అని రాసి కార్డు ఇచ్చాను.